నాడా వేలాడే సూపర్‌మాన్ గురించి మీ ఉత్తరాలు

పోయిన నెల ఇదే పేజీలో మాలేగావ్ సూపర్‌మాన్ గురించి నాలుగు ముక్కలు రాశాను, ఇన్ని ఉత్తరాలు వస్తాయని అస్సలు అనుకోలేదు, చదువుతుంటే చాలా సంతోషమేసింది. అది మిస్సయిన వాళ్ల కోసం రెండు మాటల్లో చెప్తా. మహారాష్ట్రలో నాసిక్ జిల్లాలో మాలేగావ్ అనే మరమగ్గాల ఊరుంది, అక్కడ నాసిర్ షేక్ అనే ఆయన ఫ్రెండ్స్‌ని పోగేసుకుని చాలా తక్కువ డబ్బుల్తో 'మాలేగావ్ కా సూపర్‌మాన్' అని కామెడీ స్పూఫ్, అంటే పేరున్న సినిమాని అనుకరిస్తూ నవ్వించేది, తీశాడు. ఆ షూటింగ్ ఎలా జరిగిందో ఫైజా అహ్మద్ ఖాన్ అనే ఆవిడ 2008లో 'సూపర్‌మెన్ ఆఫ్ మాలేగావ్' అని డాక్యుమెంటరీ తీసింది. ఇంకా తర్వాత అదే మనుషుల కథని రీమా కాగ్తీ 'సూపర్‌బాయ్స్ ఆఫ్ మాలేగావ్' అని హిందీ సినిమాగా తీస్తే అది 2024లో టొరంటో ఫెస్టివల్‌లో ఆడి, 2025 ఫిబ్రవరి 28న మన థియేటర్లకి వచ్చింది. అంటే ఒకటి స్పూఫ్, ఒకటి డాక్యుమెంటరీ, ఒకటి ఫీచర్ సినిమా. ఈ మూడూ ఒకటే అనుకుని రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే ముందే చెప్పేశా.

ప్రశ్న: అన్నా, మాది సిరిసిల్ల. మా నాయిన సాంచెల (మరమగ్గాల) మీద పనిచేస్తడు. సూపర్‌బాయ్స్ సినిమా చూసినంక రెండు రోజులు నిద్ర పట్టలే. గిదంతా నిజంగ జరిగిందా లేక సినిమా కోసం కల్పించిండ్రా? గంత తక్కువ పైసలల్ల సినిమా ఎట్ల తీసిండ్రు?
– డిగ్రీ విద్యార్థి, సిరిసిల్ల

జవాబు: తమ్ముడూ, ముఖ్యమైనదంతా నిజంగా జరిగిందే. సినిమాకి కావాలి కాబట్టి సీన్లు అటూ ఇటూ జరుపుకున్నారు, మాటలు రాసుకున్నారు, కానీ మనుషులు నిజం, ఊరు నిజం. నాసిర్‌కి ఊళ్లో వీడియో పార్లర్ ఉండేది, దాంట్లో చాప్లిన్, బస్టర్ కీటన్, బ్రూస్ లీ సినిమాలు వేసేవాడు, చూసే జనం ఎక్కడ నవ్వుతున్నారు, ఎక్కడ ఆవలిస్తున్నారు అని పక్కన నిలబడి గమనిస్తూ గమనిస్తూ సినిమా నేర్చుకున్నాడు. ఎడిటింగ్ కూడా అంతే, రెండు వీసీఆర్‌లు పక్కపక్కన పెట్టుకుని ఒక దాంట్లోంచి ముక్క తీసి ఇంకో దాంట్లోకి ఎక్కించుకుంటూ. ఫిల్మ్ స్కూల్ లేదు, గురువు లేడు.

ముందు 2000 ప్రాంతంలో 'మాలేగావ్ కే షోలే' తీశారు. దానికి యాభై వేల రూపాయలు అయిందని అప్పట్లో అంతా రాశారు. గుర్రాలు ఎక్కడ తెస్తారు చెప్పు, అందుకని బందిపోట్లు సైకిళ్ల మీద వస్తారు, రైలు దొరకదు కాబట్టి బస్సు మీద దాడి చేస్తారు. ట్రాలీ షాట్ కావాలంటే కెమెరామన్ సైకిలెక్కి కూచుంటాడు వెనక నుంచి ఒకడు తోస్తాడు, క్రేన్ కావాలంటే ఎద్దులబండి. ఇక్కడ ఒక్క విషయం గమనించు, గుర్రం లేదని సీన్ వదిలేయలేదు, గుర్రం లేకపోవడాన్నే జోక్ చేశారు. డబ్బుల్లేక వచ్చిన ప్రతి ఇబ్బందీ తెర మీద నవ్వయి కూచుంది. నువ్వడిగిన "ఎట్ల తీసిండ్రు"కి నా దగ్గరున్న అసలు జవాబు ఇదే.

సూపర్‌మాన్ దగ్గరికొచ్చేసరికి ఖర్చు లక్ష అటూ ఇటూ అయింది. హీరో షఫీక్, మగ్గం మీద పనిచేసే కుర్రాడు, బక్కపల్చగా ఉంటాడు. నీలం డ్రెస్సు, వెనక ఎర్ర గుడ్డ, పైన వేసుకున్న చెడ్డీకి నాడా కిందకి వేలాడుతుంటుంది. ఆ నాడా చూడగానే నాకు నవ్వొచ్చింది, వెంటనే గొంతు పట్టేసింది కూడా, ఎందుకంటే ఆ చెడ్డీ ఎవరిదో మనకి తెలుసు, మన ఇళ్లల్లో దండెం మీద ఆరేసి ఉండేది అదే. రాసింది ఫరోగ్ జాఫ్రీ, విలన్ అక్రమ్ ఖాన్. షూటింగ్ మధ్యలో కెమెరా నీళ్లల్లో పడిపోయింది, ఉన్నది అదొక్కటే, అది బాగయ్యేదాకా అంతా చేతులు కట్టుకుని కూచోవాల్సి వచ్చింది. ఇంకా షూటింగ్ జరుగుతుండగానే షఫీక్ పెళ్లి కూడా అయింది, డాక్యుమెంటరీలో ఆ పెళ్లి ఉంటుంది, తప్పకుండా చూడు.

ఇక మీ ఊరి సంగతి. మాలేగావ్ నేతగాళ్లలో చాలామంది పూర్వీకులు ఉత్తరప్రదేశ్ వైపు నుంచి వలసొచ్చినవాళ్లు, పగలూ రాత్రీ మగ్గాల చప్పుడు, శుక్రవారం సెలవు, ఆ సెలవు రోజు సినిమా హాళ్ల దగ్గర జాతర. ఆ చప్పుడు నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మధ్యలో మోసమ్ అనే నది, ఒక పక్క హిందువులు ఒక పక్క ముస్లింలు ఎక్కువగా ఉంటారు, గొడవలు చూసిన ఊరు, 2006 సెప్టెంబర్‌లో బాంబు పేలుళ్లు చూసిన ఊరు. బయట పేపర్లలో ఆ ఊరి పేరు వచ్చిందంటే ఏదో చెడు జరిగిందనే అర్థం ఉండేది. అలాంటి పేరుని కొంతమంది కుర్రాళ్లు నవ్వుతో కలిపి పలికించారు, నాకు దాని మీద ఉన్న గౌరవం మాటల్లో సరిగ్గా చెప్పలేను. ఇంకో మాట, సినిమాలో నాసిర్‌గా వేసిన ఆదర్శ్ గౌరవ్ మన తెలుగింటి అబ్బాయే, పుట్టింది జంషెడ్‌పూర్.

ప్రశ్న: నమస్తే సార్, నేను పెళ్లి వీడియోలు తీస్తాను. మా ఏరియా కుర్రాళ్లు సూపర్‌హీరో కామెడీ తీద్దాం అన్నా నువ్వే కెమెరా అంటున్నారు. గాల్లో ఎగిరే షాట్లకి గ్రీన్ క్లాత్ కట్టి తీశా, మిక్సింగ్‌లో చూస్తే జుట్టు చుట్టూ పచ్చగా వస్తోంది, మనిషి బొమ్మ అతికించినట్టుంది. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి.
– వీడియోగ్రాఫర్, ఏలూరు

జవాబు: సార్ వద్దు, అన్నా అనండి చాలు. మీరు తప్పు చేస్తున్నది బహుశా క్లాత్‌కీ మనిషికీ మధ్య దూరం దగ్గర. హీరోని క్లాత్‌కి ఆనుకుని నిలబెడితే ఆ పచ్చదనం వెలుతురుతో కలిసి వెనక్కి వచ్చి చెవుల మీద, జుట్టు మీద, భుజాల మీద పడుతుంది, అదే మీకు కనబడే పచ్చ అంచు. ఆరేడు అడుగులు ముందుకి తీసుకురండి, ఇంకా జాగా ఉంటే ఇంకా ముందుకి. క్లాత్‌కి వేరే లైట్లు, మనిషికి వేరే లైట్లు, రెండూ కలపకండి. క్లాత్ మీద అటు ఒకటి ఇటు ఒకటి పెట్టి మొత్తం ఒకే వెలుతురు వచ్చేలా చూడాలి, ఒక మూల నల్లగా ఒక మూల తెల్లగా ఉంటే సాఫ్ట్‌వేర్‌కి ఏది తీసేయాలో అర్థం కాదు. మెరిసే శాటిన్ గుడ్డ అస్సలు వద్దు, పెళ్లి మండపాల వాళ్ల దగ్గర దొరుకుతుంది కదా అని చాలామంది అదే తెస్తారు, మెరుపు లేని కాటన్ కావాలి, ఇస్త్రీ చేసి, ముడతల్లేకుండా గట్టిగా లాగి కట్టాలి. మనిషి వెనక నుంచి భుజాల మీద ఒక లైట్ వేస్తే అంచు తేటగా తెగుతుంది. షటర్ స్పీడ్ కొంచెం పెంచండి, చెయ్యి ఊపినప్పుడు మసక తగ్గుతుంది.

పచ్చే ఎందుకు అని మీ కుర్రాళ్లు అడిగితే చెప్పడానికి, మన ఒంటి రంగులో పచ్చ చాలా తక్కువ, పైగా డిజిటల్ కెమెరా సెన్సార్‌లో ఎరుపు, నీలం గళ్ల కంటే పచ్చ గళ్లు రెట్టింపు ఉంటాయి, అందుకని పచ్చని కెమెరా చాలా శుభ్రంగా చదువుతుంది. దీని వెనక మంచి చరిత్ర ఉంది. 1978లో రిచర్డ్ డానర్ 'సూపర్‌మాన్' తీసేటప్పుడు అప్పటి పద్ధతి నీలం తెర, హీరో డ్రెస్సేమో నీలం! తెర తీసేస్తే ఒళ్లు కూడా పోతుంది కదా. దాని కోసం డ్రెస్సు నీలాన్ని మార్చుకున్నారు, చాలా షాట్లకి అసలు నీలం తెరే మానేసి ముందు నుంచి బొమ్మ వేసే ప్రొజెక్షన్‌కి వెళ్లారు. జోరాన్ పెరిసిక్ అనే ఆయన కెమెరాకీ ప్రొజెక్టర్‌కీ రెండింటికీ జూమ్ లెన్సులు పెట్టి కలిపి తిప్పే పద్ధతి కనిపెట్టాడు, దాంతో వెనకున్న బొమ్మ సైజు మారదు, మనిషి మాత్రం దగ్గరికి దూసుకొస్తున్నట్టు ఉంటుంది, క్రిస్టఫర్ రీవ్ నిజానికి ఉన్నచోటే వేలాడుతుంటాడు. అంత పెద్ద సినిమా కూడా డ్రెస్సు రంగు దగ్గర ఇరుక్కుంది అంటే మీరు ఇరుక్కోవడంలో వింతేం లేదు.

ఎగిరే షాట్‌కి బల్ల మీద పచ్చ క్లాత్ కప్పి హీరోని బోర్లా పడుకోబెట్టండి, మోకాళ్లు బల్ల దాటి ఉండాలి, కాళ్లు చాపి ఎత్తి పెట్టాలి, పొట్ట బిగించాలి. ముందు నుంచి పెళ్లిళ్లలో వాడే పెద్ద ఫ్యాన్. వెనకాల వేసే ఊరి షాట్ డ్రోన్‌తో తీస్తారు కదా, అది తీసినప్పుడు ఎండ ఎడమ పక్క నుంచి ఉంటే మనిషి మీద లైట్ కూడా ఎడమ నుంచే పడాలి. బొమ్మ అతికించినట్టు ఉండటానికి సగం కారణం ఇదే, పచ్చ అంచు కాదు. దయచేసి ఒక్క మాట వినండి, నిజంగా బాగుంటుంది అని ఎవర్నీ లారీకో ట్రాక్టర్‌కో కట్టి వేలాడదీయకండి, మేడ మీంచి దూకించకండి. నవ్వించే షాట్‌కి ఎవడి నడుమూ విరగకూడదు.

ప్రశ్న: అయ్యా, నాకు అరవై తొమ్మిదేళ్లు. మన తెలుగులో రామారావు గారు సూపర్‌మాన్‌గా వేసిన సినిమా ఒకటి చూసినట్టు గుర్తు, మా మనవడు నమ్మడం లేదు. నిజమేనా?
– రిటైర్డ్ ఉద్యోగి, గుంటూరు

జవాబు: నూటికి నూరుపాళ్లు నిజమండీ, మీ జ్ఞాపకానికి దండం. 1980లో వచ్చింది, పేరే 'సూపర్‌మాన్', వి. మధుసూదనరావు గారి డైరెక్షన్, పక్కన జయప్రద గారు. అందులో శక్తులు వేరే గ్రహం నుంచి రావు, ఆంజనేయస్వామి అనుగ్రహంతో వస్తాయి. ఇది స్పూఫ్ కాదు, సీరియస్‌గా తీసిందే. నలభై నాలుగేళ్ల తర్వాత 2024 సంక్రాంతికి ప్రశాంత్ వర్మ 'హనుమాన్' తీసి దేశమంతా ఆడించినప్పుడు నాకు మళ్లీ అదే గుర్తొచ్చింది, మనవాళ్లకి గాల్లో ఎగిరేవాడు అంటే ముందు గుర్తొచ్చేది హనుమంతుడే, ఆ తర్వాతే ఇంకెవరైనా. మీ మనవడికి ఈ పేజీ చూపించండి.

ప్రశ్న: సినిమా అంటే క్వాలిటీ కదండీ. తక్కువ డబ్బుతో తీశారని చెప్పి నాణ్యత లేనిదాన్ని ఇంత మెచ్చుకోవడం జాలి చూపించడమే అనిపిస్తుంది. హాలీవుడ్‌లో కూడా సూపర్‌హీరో స్పూఫ్‌లు ఉన్నాయి, వాటి ముందు ఇది ఎంత?
– సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, డల్లాస్

జవాబు: మీ మాట నేను కొట్టిపారెయ్యను, ఎందుకంటే జాలితో మెచ్చుకోవడం నిజంగానే ఉంది, అది నాకు కూడా నచ్చదు. పేదవాడు తీశాడు పాపం అంటూ చప్పట్లు కొట్టడం వాళ్లని అవమానించడమే. కానీ మాలేగావ్ విషయంలో నేను మెచ్చుకునేది పేదరికాన్ని కాదు, ఆలోచనని.

మీరన్న హాలీవుడ్ స్పూఫే తీసుకుందాం. ఆ డాక్యుమెంటరీ వచ్చిన అదే 2008లో అమెరికాలో 'సూపర్‌హీరో మూవీ' అని వచ్చింది, లెస్లీ నీల్సన్ లాంటి మహా కామెడీ నటుడు ఉన్నాడు, కోట్ల డాలర్ల ఖర్చు. స్పైడర్‌మాన్‌లో సాలీడు బదులు ఇందులో తూనీగ కుడుతుంది హీరోని. నేను చూశాను, కొన్నిచోట్ల నవ్వాను, నీల్సన్ ఉన్న సీన్లు ఇప్పటికీ ఇష్టం. కానీ సినిమా మొత్తం మీద ఆ హీరో ఏ ఊరివాడు, వాళ్ల వీధిలో ఏం కష్టం ఉంది అంటే ఏమీ చెప్పలేం, వేరే సినిమాల్లోని సీన్లు ఒకదాని తర్వాత ఒకటి గుర్తుచేయడం, మధ్యలో ఒంటి వాసనల మీద జోకులు. అసలు సినిమా చూడనివాడికి అందులో చాలా జోకులు అందవు.

మాలేగావ్‌లో సూపర్‌మాన్ కొట్లాడేది పొగాకుతో, గుట్కాతో. ఆ ఊళ్లో రాత్రి షిఫ్టు చేసేవాడు నిద్ర రాకుండా నోట్లో ఏం వేసుకుంటాడో ఆ కథ రాసినవాళ్లకి తెలుసు. అంటే ఎక్కడో అమెరికా నుంచి ఎగురుకుంటూ వచ్చిన సూపర్‌మాన్‌ని పట్టుకుని మా వీధిలో ఈ పని ఉంది, ఇది చేసిపెట్టు అని అడిగారు. అసలు సూపర్‌మాన్ సినిమా చూడని మగ్గం కార్మికుడు కూడా నవ్వుతాడు, ఎందుకంటే జోక్ అతని నోట్లోనే ఉంది. నా దృష్టిలో నాణ్యత అంటే ఇది కూడా. పిక్చర్ మసకగా ఉంది, సౌండ్ గరగరలాడుతుంది, అవి లోపాలే, నేను కాదనను. మీరు డాక్యుమెంటరీ ఒక్కసారి చూసి మళ్లీ రాయండి, అప్పటికీ జాలే అనిపిస్తే మీ ఉత్తరం పూర్తిగా వేస్తాను.

మన దగ్గర కూడా ఇది జరిగింది. 2014లో సంపూర్ణేష్ బాబు 'హృదయ కాలేయం' వచ్చినప్పుడు పోస్టర్ చూసి మనిషి రూపాన్ని వెక్కిరించినవాళ్లు ఉన్నారు, థియేటర్‌లో చూస్తే ఆయన మాత్రం మన మాస్ హీరోల నడక, డైలాగు ఎంత సీరియస్‌గా చేశాడంటే ఒక్కసారి కూడా కన్ను కొట్టలేదు. స్పూఫ్‌కి అదే ప్రాణం, చేసేవాడు నవ్వకూడదు, వాడి లోకంలో వాడు నిజంగా హీరో.

ప్రశ్న: అమ్మా అని పిలవొచ్చా, అన్నా అనాలో తెలియట్లేదు, మీ పేరు వెయ్యరు కదా. మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. ఫ్రెండ్స్‌తో కలిసి సూపర్‌హీరో కామెడీ అని ఫోన్‌తో వీడియోలు తీస్తున్నాడు, నా పాత ఎర్ర చీర చింపి వీపుకి కట్టుకున్నాడు. చదువు పాడవుతుందని భయం. తిట్టాలా వదిలేయాలా?
– గృహిణి, నెల్లూరు

జవాబు: అన్నయ్యా అనండమ్మా. ముందుగా ఆ చీర మీకు ఇష్టమైనదైతే ఆ సంగతి వాడికి గట్టిగా చెప్పండి, అడక్కుండా చింపడం తప్పు. ఇక రెండోది, పూర్తిగా ఆపించకండి అని నా మనవి. పరీక్షలు అయ్యేదాకా ఆదివారం ఒక్క పూట అని ఒప్పందం పెట్టుకోండి, మిగతా రోజులు చదువు. నాసిర్ వాళ్లు కూడా రోజూ పని మానేసి తీయలేదు, మగ్గం పని, షాపులు చూసుకుంటూనే తీశారు.

తీసింది ఒకసారి మీరు కూచుని చూడండి, నవ్వొస్తే నవ్వండి, రాకపోతే ఎందుకు రాలేదో చెప్పండి. ఇంట్లో అమ్మ చూస్తుంది అని తెలిస్తే పిల్లలు బూతులు, లావుగా ఉన్నవాళ్ల మీద నల్లగా ఉన్నవాళ్ల మీద జోకులు వాళ్లంతట వాళ్లే తగ్గిస్తారు, నేను చాలా ఇళ్లల్లో చూశాను. రోడ్డు మీద బండ్ల మధ్య, రైలు పట్టాల దగ్గర షూటింగ్ మాత్రం ససేమిరా అనండి.

ప్రశ్న: మేం వైజాగ్‌లో ఫ్రెండ్స్ అంతా కలిసి పెద్ద సూపర్‌హీరో సినిమాల మీద స్పూఫ్ తీసి యూట్యూబ్‌లో పెడదాం అనుకుంటున్నాం. కాపీరైట్ కేసులు పడతాయా?
– వైజాగ్

జవాబు: నేను లాయర్‌ని కాదు, డబ్బులు పెట్టి రిలీజ్ చేసేటట్టయితే ఒక లాయర్‌ని కలవండి. నాకు తెలిసింది చెప్తా. మన 1957 కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ కింద విమర్శ కోసం, సమీక్ష కోసం న్యాయంగా వాడుకోవచ్చు అని ఉంది, కానీ పేరడీ అనే మాట అందులో విడిగా లేదు, అందుకని ప్రతి కేసూ దాని మంచి చెడు చూసి తేలుస్తారు. 1996లో కేరళ హైకోర్టులో ఒక కేసు బాగా పేరున్నది. తోప్పిల్ భాసి రాసిన ప్రసిద్ధ నాటకానికి ఎదురుగా సివిక్ చంద్రన్ ఒక జవాబు నాటకం రాశాడు, పాత నాటకంలోని పాత్రల్ని, కొన్ని మాటల్ని వాడుకుని దాన్నే ప్రశ్నించాడు, అది నకలు కాదు విమర్శ అన్నట్టుగా కోర్టు దాని వైపు నిలబడింది. దీన్నిబట్టి ఎంత తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, చూసేవాడు దీన్ని చూసి అసలుది చూడటం మానేస్తాడా, ఇవే ముఖ్యమైన ప్రశ్నలు.

పనికొచ్చే సలహా ఏంటంటే అసలు సినిమాలోని క్లిప్పులు, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ నేరుగా వాడకండి, యూట్యూబ్ మెషీన్ ముందు పట్టుకునేది వాటినే. పేరు, గుండె మీద గుర్తు మీరే కొత్తగా పెట్టుకోండి, ఆ గుర్తులకి ట్రేడ్‌మార్క్‌లు కూడా ఉంటాయి. చూసేవాడికి ఎవరి గురించో రెండో సెకండ్‌లోనే అర్థమైపోతుంది, వీపు మీద గుడ్డ ఉంటే చాలు. హక్కుల సంగతి వచ్చింది కాబట్టి ఇది కూడా తెలుసుకోండి, 1938లో సూపర్‌మాన్‌ని పుట్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్లు ఆ పాత్ర హక్కుల్ని 130 డాలర్లకి అమ్మేసుకున్నారు, తర్వాత ఎన్నో ఏళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. మీరు ఫ్రెండ్సే కావచ్చు, అయినా ఎవరు రాశారు, ఎవరు తీశారు, డబ్బులొస్తే ఎవరికెంత అని ఒక కాగితం మీద రాసుకుని అందరూ సంతకం పెట్టండి. తర్వాత కొట్టుకుని విడిపోయిన గ్రూపుల్ని చూసి చూసి చెప్తున్నా.

ప్రశ్న: షఫీక్ ఇప్పుడు ఏం చేస్తున్నాడు?
– అనకాపల్లి

జవాబు: లేడండి. నోటి క్యాన్సర్‌తో 2011లో చనిపోయాడు. తెర మీద పొగాకుతో కొట్లాడిన మనిషే పొగాకు నమిలే అలవాటుతో పోయాడు. చివరి రోజుల్లో మాలేగావ్‌లో వాళ్ల సూపర్‌మాన్‌ని తెర మీద వేసి చూపించారు, అతను చూశాడు, ఆ తర్వాత ఎక్కువ సమయం లేదు. డాక్యుమెంటరీ మన దేశంలో 2012 జూన్‌లో థియేటర్లకి వచ్చింది, దేశం అతన్ని పెద్ద తెర మీద చూసేసరికి అతను లేడు. సూపర్‌బాయ్స్‌లో శశాంక్ అరోరా ఆ పాత్ర వేశాడు, చివరి అరగంట నేను కళ్లు తుడుచుకుంటూనే చూశాను. మీ ఇంట్లో, మీ స్నేహితుల్లో ఎవరికైనా గుట్కా అలవాటుండి నోట్లో తెల్లమచ్చలు, మానని పుండ్లు, నోరు పూర్తిగా తెరవలేకపోవడం లాంటివి ఉంటే దయచేసి వాయిదా వెయ్యకండి, వెంటనే డాక్టర్‌కి చూపించండి.

ప్రశ్న: అన్నా, నేను రాసిన స్పూఫ్ కథ పంపుతున్న, పన్నెండు పేజీలు. మొదటి నాలుగు పేజీలల్ల హీరో వేరే గ్రహం మీద పుట్టుడు, ఆ గ్రహం పేలుడు. తర్వాత కోరుట్లల పడ్తడు, బీడీలు చేసే అమ్మ పెంచుకుంటది. చదివి నిజం చెప్పు, బాగలేకుంటే బాగలేదను.
– కోరుట్ల

జవాబు: తమ్ముడూ, రెండుసార్లు చదివాను. గ్రహం పేలే నాలుగు పేజీలు తీసెయ్. అది నీకు తెలిసిన చోటు కాదు, సినిమాల్లో చూసి రాసింది అని ప్రతి లైన్‌లో తెలుస్తోంది, తీయాలంటే డబ్బూ లేదు. పిల్లోడు తునికాకు మూటలో దొరికాడు అని ఒక్క షాట్ చాలు.

ఇక ఏడో పేజీ. ఊళ్లోకి విలన్ వచ్చాడు, జనం అరుస్తున్నారు, హీరో గుడ్డ కట్టుకుని బయల్దేరబోతే అమ్మ గుమ్మంలో కూచుని "ముందుగాల వెయ్యి బీడీలు పూర్తి చేసి పో" అంటుంది. ఇంకా మూడొందలు మిగిలున్నాయి. వాడు తన స్పీడ్‌తో రెండు సెకండ్లలో చుట్టేసి ఎగిరిపోతాడు, సాయంత్రం కార్ఖానాలో చూస్తే ఆ మూడొందలూ వదులుగా ఉన్నాయని పక్కకి తీసేస్తారు, కూలి పోతుంది. ఇది చదివి నేను పేజీ కింద పెట్టేసి కాసేపు అలా కూచున్నాను. ఇదే నీ సినిమా. మిగతా అంతా దీని చుట్టూ తిరగాలి. శక్తి ఉంది కానీ ఆ శక్తి ఇంట్లో పనికి పనికిరాదు, బీడీకి స్పీడ్ కాదు చెయ్యి కావాలి, ఆ చెయ్యి అమ్మకే ఉంది. క్లైమాక్స్‌లో విలన్‌ని వాడు గుద్ది కొట్టడం నువ్వు రాశావు, వద్దు, అమ్మ దగ్గర నేర్చుకున్నది ఏదో వాడాలి, దారంతో కట్టడమో ఇంకోటో, నువ్వే ఆలోచించు, నాకంటే నీకే బాగా తెలుసు.

పదకొండో పేజీలో అమ్మకి దగ్గు వస్తే వీడు ఊపిరి ఊది గదిలో దుమ్మంతా బయటికి పంపిస్తాడు, పక్కింటివాళ్లు తిట్టుకుంటారు అని రాశావు కదా, దాన్ని ముందుకి తీసుకురా, మూడో సీన్‌లోనే రావాలి, వాడికి శక్తి ఉందని మనకి మొదటిసారి తెలిసేది అక్కడే అవ్వాలి.

షూటింగ్ మీ అరుగు మీదే పెట్టుకో, సెట్టింగ్ ఏం వద్దు. నిజంగా బీడీలు చేసే అమ్మలనే కూచోబెట్టు, వాళ్ల పని గంటలు పోకుండా చూడు, పోతే ఆ పూట కూలి నువ్వు కట్టివ్వు. ఒక మధ్యాహ్నం కెమెరా లేకుండా ఫోన్ ఒక్కటే చాట పక్కన పెట్టి ఆ కత్తెర ఆకుని కోసే చప్పుడు పది నిమిషాలు రికార్డ్ చేసి పెట్టుకో. హీరో గాల్లోకి లేచేటప్పుడు మ్యూజిక్ బదులు ఆ చప్పుడే వెయ్యి, మెల్లగా మొదలై జోరందుకోవాలి. అది తీశాక నాకు పంపు.